సీరియల్ నటుడికి నెలలో ఎన్ని రోజులు?

నెల్లూరు నుంచి మద్రాసుకు 175 కిలోమీటర్లు. రమణారెడ్డి, రాజనాల, వాణిశ్రీల తరం సినిమాల కోసం ఆ దారినే వెళ్లింది. 1995లో ఈటీవీ, జెమినీ మొదలయ్యాక టీవీ పని క్రమంగా హైదరాబాద్ చేరింది. ఇప్పుడు నెల్లూరు పురమందిరంలోనో, ఒంగోలు నాటక పోటీల్లోనో బహుమతి కొట్టిన కుర్రాడు రాత్రికి సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగి, కృష్ణానగర్‌లో ముగ్గురితో కలిసి గది తీసుకుంటున్నాడు. మొదటి సీరియల్ రాగానే ఇంట్లో వాళ్లు అడిగే మాట ఒక్కటే: రోజుకెంత ఇస్తారు? అసలు అడగాల్సింది నెలలో ఎన్ని రోజులు పిలుస్తారని.

బాబాయి పాత్ర, రోజుకు 4,000 అనుకుందాం. నెలకు 6 రోజులు పిలిస్తే 24,000. అందులో డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా కోసే ఆదాయపు పన్ను, అంటే టీడీఎస్, 10 శాతం కింద 2,400, మేనేజరు ఉంటే కమీషన్ మరో 2,400 పోతాయి. మిగిలేది 19,200. అదీ వెంటనే చేతికి రాదు. ఈ నెల చేసిన పనికి డబ్బు రెండు మూడు నెలలు ఆగి రావడం ఈ రంగంలో మామూలు. గది అద్దె మాత్రం ఒకటో తారీఖున కట్టాల్సిందే. అందుకే రైలెక్కే ముందే కనీసం మూడు నెలల ఖర్చు బ్యాంకులో ఉండాలి. పాన్ నంబరు ఇవ్వకపోతే కోత 20 శాతం. ఏడాది ఆదాయం పన్ను పరిధిలోకి రానివాళ్లు రిటర్న్ వేస్తే ఆ కోత తిరిగొస్తుంది. కష్టార్జితాన్ని అలా వదిలేసుకునే నటులను చూస్తే బాధేస్తుంది.

ఆ 6 రోజులకైనా హామీ లేదు. సీరియల్‌ను ఎంతమంది చూశారో చెప్పే రేటింగ్స్ గురువారం వస్తాయి. అంకెలు పడితే కథ హీరోయిన్ చుట్టూ బిగుస్తుంది. బాబాయి ట్రాక్ పక్కకు పోతుంది. ‘ఊరెళ్లాడు’ అనే ఒక్క డైలాగుతో ఆ మనిషి రెండు నెలలు కనబడడు. ఆ సంగతి నటుడికి ఎవరూ చెప్పరు, ఫోన్ రావడం మానేస్తుందంతే. కాబట్టి ఒప్పుకునేటప్పుడే నెలకు కనీసం ఎన్ని రోజులు, డబ్బు ఏ తారీఖున, రానుపోను ఖర్చు ఎవరిది, ఇంకో చానల్‌లో చెయ్యొచ్చా లేదా అన్న నాలుగు విషయాలు కాగితం మీద రాయించుకోవాలి. కాగితం కుదరకపోతే కనీసం వాట్సాప్‌లోనైనా పెట్టించుకోవాలి. కొత్తవాళ్లకు నోరు తెరిచి అడిగే ధైర్యం ఉండదు. అడిగితే పాత్ర పోతుందని భయం. ఆ భయం పోవాలంటే పెద్ద నటులే ముందు అడగాలి.

పిలుపులు పెరగడానికి నటుడి చేతిలో ఉన్నది తక్కువ టేకుల్లో ముగించడమే. వారానికి ఆరు ఎపిసోడ్లు వెళ్లాలి కాబట్టి యూనిట్‌కు ఆగే తీరిక ఉండదు. రంగస్థలం నుంచి వచ్చినవాళ్లు తడబడేది ప్రాంప్టింగ్ దగ్గర. అసిస్టెంట్ డైరెక్టర్ కెమెరా పక్క నుంచి డైలాగును ముక్కలుగా అందిస్తాడు. అతను ముక్క ముగించాక అందుకోవాలి. నాటకంవాడికి డైలాగంతా కంఠతా వచ్చేసి ఉంటుంది, ప్రాంప్టర్ మాట మీద తన మాట వేసేస్తాడు. పెదవుల కదలిక కుదరక డబ్బింగ్‌లో చిక్కొస్తుంది. చివరి వరుసకు వినబడాలని గొంతెత్తితే మెడ నరాలు క్లోజప్‌లో ఉబ్బి కనిపిస్తాయి. చేతులు బారచాపితే ఫ్రేము దాటిపోతాయి. మాట అయిపోగానే ముఖం వదిలేయడం ఇంకో తప్పు. ‘కట్’ వినపడేదాకా చూపు కదలకూడదు, ఎడిటర్‌కు కావాల్సింది ఆ మిగులే.

ఆడవాళ్లకు కంటిన్యుటీ, అంటే సీను ఆగిన చోటి అలంకరణే మళ్లీ కనిపించేలా చూసుకోవడం, అదనపు బరువు. 4వ తేదీన గుమ్మం దాకా వచ్చిన సీను 19వ తేదీన గుమ్మం లోపల మొదలవుతుంది. ఎడమ చేతికి ఆరు గాజులా, ఎనిమిదా? పూలు ఏ వైపు? సహాయ పాత్రల్లో చీరలు సొంతవే తెచ్చుకోవాల్సి రావడం మామూలు. ఈలోగా ఆ చీర ఉతికించి రంగు వెలిస్తే సీనంతా మళ్లీ తీయాలి. పేకప్ కాగానే ముందు, వెనుక, చేతులు మూడు ఫొటోలు తీసి, ఆ చీర విడిగా కట్టి పెట్టుకోవడం అలవాటైతే ఈ బెడద ఉండదు.

ఇక ఖాళీ రోజులు. వాటిని నింపగలిగేది గొంతు. కన్నడం నుంచి వచ్చిన హీరోయిన్లు ఎందరికో తెలుగు గొంతు ఇంకొకరు ఇస్తున్నారు. పద్యనాటకం ఆడిన ఊపిరి మనవాళ్లకు ఉంది. అడ్డొచ్చేది నెల్లూరు యాస. ‘ఎట్టా’, ‘యాడ’, ‘ఏంది’ అని పలికితే డబ్బింగ్ థియేటర్‌లో దిద్దుతారు. రమణారెడ్డి ఆ యాసతోనే రాష్ట్రమంతా నవ్వించాడు కదా! అందుకే దాన్ని వదులుకోమని చెప్పబుద్ధి కాదు. రెండో గొంతు నేర్చుకోవాలి. రోజూ పత్రికలో ఒక పేజీ చదివి ఫోన్‌లో రికార్డు చేసి, మర్నాడు వినాలి. మాట చివర సాగుతున్న చోటల్లా గీత గీసుకుని, అదే పేజీ మళ్లీ చదవాలి.