మ.రా.రా.శ్రీ ‘ఐదు నిమిషాలు’ గారికి, హో అడవి దారి నుంచి

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాం. క్షేమంగా ఉండకేం, సియాటిల్ చుట్టుపక్కల తెలుగిళ్లలో తమరికి మూడు పూటలా సత్కారమే. “ఐదు నిమిషాల్లో బయల్దేరుతున్నాం” అని వాట్సాప్ గ్రూపులో పడేసరికి పులిహోర పోపు ఇంకా వేగి ఉండదు, చిన్నవాడి రెండో బూటు దొరికి ఉండదు, ఆ మెసేజ్ పెట్టిన మనిషి ఇంకా స్నానమే చేసి ఉండడు. పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ తమరి పెత్తనం సాగితే సాగనివ్వండి, అక్కడ అందరూ తమరి భక్తులే. హో రెయిన్ ఫారెస్ట్‌కి కూడా పిల్లాపాపలతో పాటు కారెక్కి వచ్చేస్తున్నారు చూడండి, అందుకే ఈ ఉత్తరం.

ముందు లెక్క చూద్దాం. సియాటిల్ నుంచి ఒలింపిక్ నేషనల్ పార్కులో ఉన్న హో విజిటర్ సెంటర్‌కి కారులో నాలుగు గంటలు. అది ఎక్కడా ఆగకపోతే. పిల్లలుంటే ఆగకుండా ఎవరూ రాలేదు. హైవే 101 వదిలాక అప్పర్ హో రోడ్డు మీద ఇంకా 18 మైళ్లుంటుంది. జులై, ఆగస్టుల్లో పొద్దున తొమ్మిది దాటిందంటే అక్కడి పార్కింగ్ నిండటం మొదలవుతుంది. నిండాక ఒక కారు బయటికొస్తేనే ఇంకొకటి లోపలికి. ఇంటి దగ్గర తమరు నాలుగు సార్లు దర్శనమిచ్చారనుకోండి, ఇరవై నిమిషాలు. ఆ ఇరవైకి, సియాటిల్ నుంచి కారుని నీళ్లు దాటించే ఫెర్రీ తప్పుతుంది. తర్వాతి ఫెర్రీ సుమారు గంటకి. ఆ గంట వెళ్లి పార్కింగ్ లైన్లో రెండు గంటలై కూర్చుంటుంది. ఇంత చక్రవడ్డీ ఏ చిట్‌ఫండ్‌లోనూ రాదు.

ఆ లైన్లో ఫోన్ సిగ్నల్ ఉండదు, బాత్రూము ఉండదు. వెనక సీట్లో “అమ్మా, అర్జెంట్” అన్న కేక మాత్రం ఉంటుంది. అందుకే దారిలో ఫోర్క్స్ ఊళ్లో ఆగమంటాం. అక్కడ గ్యాస్ కొట్టించి, పిల్లల్ని బాత్రూముకి తీసుకెళ్లి, మ్యాప్ ఫోన్లోకి దించుకోవాలి. ముందు రాత్రి అక్కడే పడుకుంటే మరీ మంచిది, ఎనిమిదింటికల్లా అడవిలో ఉండొచ్చు. అది కుదరకపోతే మధ్యాహ్నం నాలుగు దాటాక రండి. జులైలో రాత్రి తొమ్మిది దాకా వెలుగుంటుంది, లైనూ పలచబడుతుంది. కానీ తమరికి తెల్లవారుజామూ నచ్చదు, సాయంత్రమూ నచ్చదు. సరిగ్గా పదకొండున్నరకే విజయం చేస్తారు.

ఇక దారి సంగతి. హాల్ ఆఫ్ మాసెస్ అనే చుట్టుదారి పొడవు 0.8 మైలు. బోర్డు మీద ఆ అంకె కనపడగానే తమరు ఎవరో ఒకరి నోట్లోంచి ఊడిపడతారు: “ఓస్, ఇంతేనా, ఐదు నిమిషాలు!” మొదట్లోనే చిన్న ఎక్కుడుంది. మొత్తం కలిపితే వంద అడుగులే, కాకపోతే ఆ వంద అడుగులూ ఒక్కసారే వస్తాయి. నాలుగేళ్ల పిల్లతో అయితే గంటంపావు చేతిలో పెట్టుకోవాలి. మైలుకి గంటన్నర అనుకుని వస్తే ఎవరి మీదా ఎవరూ అరవక్కర్లేదు. వేళ్లూ బురదా ఉన్న దారి కాబట్టి స్ట్రోలర్ కారులోనే వదిలేయండి. స్ట్రోలర్ తప్పదంటే విజిటర్ సెంటర్ పక్కన రోడ్డు వేసిన బుల్లి దారి ఉంది, తాతగారి చేతికర్రకీ అదే సుఖం. కాస్త నడిచే పిల్లలకి 1.2 మైళ్ల స్ప్రూస్ నేచర్ ట్రెయిల్ మంచిది. దాదాపు చదునుగా ఉంటుంది, హో నది ఒడ్డు దాకా తీసుకెళ్తుంది. నీళ్లు పాలు కలిపినట్టుంటాయి, పైన హిమానీనదాలు రాళ్లని నూరిన పిండి అది. జనం మాత్రం హాల్ ఆఫ్ మాసెస్‌లోనే తోసుకుంటారు, ఫొటో అక్కడ బాగుంటుందట.

బట్టల విషయంలోనూ తమరి సలహానే నడుస్తోంది. “ఐదు నిమిషాల నడకకి రెయిన్ జాకెట్ ఎందుకు, జీన్స్ చాలు.” ఇక్కడ ఏడాదికి సుమారు 140 అంగుళాల వాన, హైదరాబాదులో పడేదానికి నాలుగింతల పైనే. అందులో ఎక్కువ భాగం చలికాలానిది. ఎండాకాలంలో కాస్త పొడిగానే ఉన్నా, పొగమంచు పట్టిన పొద్దుల్లో చెట్లే చుక్కలు రాలుస్తాయి. తడిసిన జీన్స్ ఆరదు, బరువెక్కి ఒంట్లో వేడి లాగేస్తుంది. నడిచే పిల్లవాడు ఎలాగో వెచ్చగానే ఉంటాడు. చలి పట్టేది వీపు మీద క్యారియర్‌లో కదలకుండా కూర్చున్న బుజ్జిదానికి. ఎత్తుకున్న నాన్నకి చెమటలు పడుతుంటే దానికి కాళ్లు చల్లబడుతుంటాయి. పది నిమిషాలకోసారి పాదాలు పట్టి చూడాలి. ఉన్ని మేజోళ్లు తలా రెండు జతలు, టోపీ ఉన్న జాకెట్ ఒకటి పెట్టుకోండి. గొడుగు వద్దు, ఇరుకు దారిలో ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పొడుస్తుంది.

ఇంకో మాట. తడి వేరు మీద అడుగు పెట్టకూడదు, దాటి వెయ్యాలి. వేల కాళ్లు తొక్కి పైబెరడు పోయి, నున్నబడ్డ చెక్క మీద సన్నటి జిగురుపాచి ఉంటుంది. దాని మీద ఎంత ఖరీదైన బూటైనా జారుతుంది. చెక్క వంతెనలదీ ఇదే కథ.

ఇప్పుడు తమరి మహాపరాధానికి వద్దాం. హాల్ ఆఫ్ మాసెస్ దారి మధ్యలో రెండు వందల అడుగుల చిన్న చీలికొకటి మేపుల్ చెట్ల తోపులోకి పోతుంది. కొమ్మ కొమ్మకీ ఆకుపచ్చ జడలు వేలాడుతుంటాయి. అక్కడ తమరు పూనకమొచ్చినట్టు ఊగుతారు: “ఐదు నిమిషాలు, ఆ నాచు మీద కూర్చో నాన్నా, ఒక్క ఫొటో!”

ఆ జడల్లో పెద్ద భాగం అసలు నాచే కాదు. సెలాజినెల్లా అంటారు. మన దగ్గర సంజీవని అని అమ్మే ఎండుమొక్క, నీళ్లలో వెయ్యగానే విచ్చుకునేది, దీని చుట్టమే. మిగతాది నాచే. నాచుకి నిజమైన వేళ్లుండవు, వాననీ మంచునీ ఒంటితోనే తాగుతుంది. చెట్టుని పీల్చదు. పీల్చకపోగా చెట్టే దాన్ని పీలుస్తుంది! నళినీ నాడ్‌కర్ణి అనే శాస్త్రవేత్త ఈ పెద్దాకుల మేపుల్ చెట్లెక్కి, కొమ్మల మీది నాచుపరుపు ఎత్తి చూస్తే, దాని అడుగున చెట్టు తన కొమ్మలనుంచే వేళ్లు పెట్టి ఉంది. నాచులో పోగైన మట్టిని గాల్లోనే తింటోందన్నమాట. 1981లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయింది. ఆ పరుపుని ఒకసారి పీకేస్తే మళ్లీ అంత దళసరిగా పట్టడానికి దశాబ్దాలు పడుతుంది. తమరి భాషలో ఎన్ని ‘ఐదు నిమిషాలో’ తమరే లెక్కేసుకోండి.

పడిపోయిన మానుల సంగతీ ఇంతే. వాటిని ఇక్కడ నర్స్ లాగ్ అంటారు, దాదిమాను అనుకుందాం. నేలంతా నాచూ ఫెర్నూ కమ్మేయడంతో మొలకకి చోటుండదు. అందుకని హెమ్లాక్, స్ప్రూస్ చెట్ల గింజలు ఈ దుంగల మీద మొలుస్తాయి. వంగి చూస్తే వేలెడంత మొలకలు వరసగా, బడిలో ప్రార్థనకి నిలబడ్డట్టు. వందల ఏళ్లకి దుంగ కుళ్లిపోయి మాయమవుతుంది, పైన పెరిగిన చెట్లు ఒకే గీత మీద నిలబడిపోతాయి, వేళ్ల కింద దుంగ ఆకారంలో ఖాళీతో సహా. అలాంటి దుంగని తమరు బెంచీ అనుకుంటారు. పిల్లల్ని ఆ ఖాళీ వేళ్ల సందులోంచి కూడా దారి వదలకుండానే చూడనివ్వండి. ఫొటోకి మబ్బు పట్టిన రోజే మేలు, ఎండలో అంతా తెల్లమచ్చలూ నల్లమచ్చలూ అవుతుంది. లోపల వెలుగు తక్కువ, పిల్లలు కదిలితే మొహం అలుక్కుపోతుంది.

జంతువుల దగ్గర కూడా తమరు ఊరుకోరు. ఎల్క్ దుప్పికి యాభై గజాల దూరం పాటించాలి. సెప్టెంబరులో మగవాటికి మదం ఎక్కువ. 1909లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఈ ప్రాంతాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది ముఖ్యంగా వీటి కోసమే, మనం సెల్ఫీ తీసుకోవడానికి కాదు. బనానా స్లగ్ అని పసుపుపచ్చ నత్త, గుల్ల లేనిది, జానెడు దాకా ఉంటుంది. పట్టుకోనివ్వకండి, చేతులకి రాసిన సన్‌స్క్రీన్ దాని ఒంటికి మంచిది కాదు. పక్కన కూర్చుని చూడనివ్వండి. అది దారి ఈ వైపు నుంచి ఆ వైపుకి చేరేలోపు తమరి ఆయుష్షు తీరిపోతుంది.

పులిహోర విజిటర్ సెంటర్ దగ్గరున్న బల్లల మీద తినండి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి, లేకపోతే నాలుగు గంటల ప్రయాణంలో మూతకి చెమట పట్టి మెతకబడుతుంది. పల్లీ ఒక్కటి కింద పడినా ఉడత ఎక్కణ్నుంచో ఊడిపడుతుంది, దానికి అది మేలు కాదు. చెత్త మీ సంచీలోనే తిరిగి రావాలి.

ఇట్లు,
ఒంటిగంటకి పార్కింగ్ లైన్లో తమరిని తల్చుకునే వారందరి తరఫున.

తా.క.: తమరికి ఇక్కడ ఒక్కచోట ప్రవేశం ఉంది. దారి మొదట్లో టాఫ్ట్ వాగు మీద చిన్న వంతెన వస్తుంది. నీళ్లు గాజులా ఉంటాయి, అడుగున ఆకుపచ్చ తీగలు ప్రవాహంతో పాటు జుట్టులా ఊగుతుంటాయి. అక్కడ పిల్లల్ని నిలబెట్టి, మాట్లాడకుండా ఐదు నిమిషాలు. గడియారం చూసి. తమరిని నమ్మి కాదు.