వాలులో న్యూట్రల్ వద్దు

ఆటోమేటిక్ కారులో మైలేజీ కోసం వాలు దిగేటప్పుడు న్యూట్రల్ వేయమని ఈ వ్యాసంలో రాశారు. దయచేసి ఆ మాట తీసేయండి. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి. వేగం బాగా తగ్గేదాకా ఇంజెక్టర్లు పెట్రోలు పంపవు. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి తాగుతూనే ఉంటుంది. పైగా భారమంతా బ్రేకుల మీదే. తిరుమల నుంచి దిగే ఘాట్‌లో అలా వస్తే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పే ప్రమాదం ఉంది. అక్కడ మాన్యువల్ మోడ్‌లోకి మార్చి 2వ గేరులో దిగాలండీ. ఊళ్లో అయితే, దూరంగా ఎర్ర సిగ్నల్ కనబడగానే కాలు తీసేస్తే చాలు. ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్స్‌లోనే క్లచ్, గేర్లు వాటంతటవే మారే రకం) కారు వాళ్లు వేగం అందుకున్నాక పెడల్ కాస్త వదిలితే పై గేరు త్వరగా పడుతుంది.