వ్యవస్థ బయట బతుకు: నీళ్లు మోసేదెవరు, లెక్క చూసేదెవరు?

చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఐటీ ఉద్యోగాలు చేసుకునే తెలుగు పిల్లల నోట ఈమధ్య ఒక మాట తరచుగా వింటున్నాను. ఈ బడులు, బ్యాంకులు, పార్టీలు, కుల సంఘాలు ఏవీ మనకు సరిపడవు, నలుగురం కలిసి చెన్నైకి దక్షిణాన తిండివనం వైపు కాస్త నేల కొనుక్కుని వేరేగా బతుకుదాం అంటున్నారు. కులం పేరు చెప్పి పెళ్లికి ఒప్పుకోని ఇల్లు, రాత్రీ పగలూ తేడా లేని ఆఫీసు, లక్షల్లో ఫీజు గుంజి పిల్లల్ని మార్కులతో తూచే బడి. వీటి మధ్య నలిగినవాళ్లకు ఆ ఆలోచన రావడం సహజం. దాన్ని కుర్రతనం అని కొట్టిపారేసే పెద్దలతో నాకు పేచీ ఉంది. అలా కొట్టిపారేసేవాళ్లకు తాము ఉంటున్న ఊరి చరిత్రే తెలియదు. వ్యవస్థకు బయట నిలబడి తమ బతుకు తామే ఏర్పాటు చేసుకున్న మనుషులు ఈ నగరంలో వందేళ్ల కిందటే ఉన్నారు. వాళ్లలో కొందరు గెలిచారు, కొందరు ఓడారు, ఎందుకన్నది కూడా మనకు తెలుసు.

నాకు అర్థమైంది ఇది. బయటికి వచ్చేసినంత మాత్రాన స్వేచ్ఛ రాదు. పాత వ్యవస్థ ఎంత చెడ్డదైనా రోజూ కొన్ని పనులు చేసిపెడుతూ ఉంటుంది. ఆ పనులను ఎవరు భుజాన వేసుకుంటారు, వేసుకున్నవాళ్లను మిగతావాళ్లు నిలదీయగలరా అన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

పెళ్లి సంగతే చూడండి. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని చట్టం 1856లోనే చెప్పింది. తెలుగునాట తొలి వితంతు వివాహం జరిగింది మాత్రం 1881 డిసెంబర్ 11న, రాజమండ్రిలో, కందుకూరి వీరేశలింగం గారి పూనికతో. గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మ ఆ దంపతులు. మధ్యలో పాతికేళ్లు ఆ చట్టం ఉండీ లేనట్టే. మంత్రాలు చదివే పురోహితుడు దొరకాలి, వంట చేసేవాళ్లు దొరకాలి, పెళ్లయ్యాక ఆ జంటకు ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు దొరకాలి. ఇవేవీ చట్టం ఇవ్వలేదు. పెళ్లి చేయించినవాళ్లను వెలేస్తే ఇంట్లో వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు పని మానేశారు. అప్పుడు వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరి నుంచి స్వయంగా నీళ్లు మోసుకొచ్చి వండిపెట్టారు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారు డబ్బు సర్దారు. తర్వాత వీరేశలింగం గారు కొన్నేళ్లు ఇక్కడే, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా పనిచేశారు, 1919లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. ఆయన ఉపన్యాసాల గురించి మన పిల్లలకు పాఠాల్లో చెబుతాం. రాజ్యలక్ష్మమ్మ గారు మోసిన బిందెల గురించి ఎవరైనా చెబుతున్నారా? ఆ బిందెలు లేకపోతే ఆ పెళ్లి భోజనాలే లేవు.

తమిళ నేల మీద కథ దీనికి తలకిందులుగా నడిచింది. ఇక్కడ సమాజంలో ఒక భాగం ముందు కదిలింది, చట్టం వెనకబడింది. పెరియార్ 1925లో మొదలుపెట్టిన ఆత్మగౌరవ ఉద్యమం 1928లో అరుప్పుకోట్టై దగ్గర ఒక పల్లెలో పురోహితుడు లేకుండా పెళ్లి జరిపించింది. ముహూర్తం లేదు, హోమం లేదు. నలుగురి ముందు దండలు మార్చుకుని, నీకు నేను నాకు నువ్వు అనుకుంటే పెళ్లయిపోయినట్టే. పెద్దలు మాట్లాడతారు, ఆడవాళ్లు వేదికెక్కి మాట్లాడతారు, భోజనాలు చేసి వెళ్తారు. పెళ్లి పందిరే బహిరంగ సభ. ఇలా వేల కుటుంబాలు చట్టం మద్దతు లేకుండానే సంసారాలు చేశాయి. ఆ పెళ్లిళ్లలో చాలావాటిలో వధూవరులది ఒకే కులం అన్న విమర్శ ఉంది, అది నిజమైన విమర్శే. అయినా పురోహితుడు లేకుండా పెళ్లి జరగదన్న భయాన్ని అవి పోగొట్టాయి.

కానీ చట్టం ఊరుకోలేదు. 1953లో మద్రాసు హైకోర్టు అలాంటి ఒక పెళ్లిని చెల్లదని తేల్చింది. శాస్త్రోక్తమైన క్రతువు లేదు, ఆచారం అనుకుందామంటే దానికి తగిన ప్రాచీనత లేదు అన్నది తర్కం. దాని పర్యవసానం భార్యాభర్తల బంధంతో ఆగదు. పిల్లలకు ఆస్తి హక్కు ఉందా, భర్త పోతే ఆమెను భార్యగా గుర్తిస్తారా, ఇలా ప్రతి ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. చివరికి 1967లో అన్నాదురై ప్రభుత్వం హిందూ వివాహ చట్టానికి 7ఎ అనే సెక్షన్ చేర్చింది. బంధువులో, స్నేహితులో, మరెవరో ఉండగా ఒకరినొకరు భార్యాభర్తలుగా ఒప్పుకుంటున్నామని చెప్పినా, దండలు మార్చుకున్నా, ఉంగరం తొడిగినా, తాళి కట్టినా పెళ్లి చెల్లుతుంది. అంతకుముందు జరిగినవీ చెల్లుతాయని అందులోనే రాశారు. మొదటి పెళ్లికీ ఆ చట్టానికీ మధ్య 39 ఏళ్లు. జనం తమ ఇళ్లలో ఏం చేస్తూ వచ్చారో దాన్నే ఉన్నదున్నట్టు చట్టంలోకి ఎక్కించారు. వ్యవస్థ బయట కట్టుకున్నది వ్యవస్థలోకి వెళ్లేటప్పుడు తన ఆకారం మార్చుకోకుండా వెళ్లిన అరుదైన సందర్భం అది. ఈ విషయాన్ని తెలుగువాళ్లం తగినంతగా చదవలేదని నా బాధ.

దాపరికం గురించి కూడా ఇక్కడే ఒక మాట చెప్పాలి. 1976లో పోలండ్‌లో సమ్మె చేసి ఉద్యోగాలు పోగొట్టుకున్న, జైలుపాలైన కార్మికుల కుటుంబాలకు సాయం చేయడానికి మేధావులు కొందరు ఒక కమిటీ పెట్టారు. నిఘా ప్రభుత్వం కింద ఉంటూ కూడా సభ్యుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు బయటపెట్టారు. రెండేళ్ల తర్వాత చెకోస్లోవేకియాలో ప్రభుత్వాన్ని ఎదిరించిన రచయిత వాత్స్లావ్ బెండా, ప్రభుత్వం చేతిలో ఉన్న చదువు, సంస్కృతి, సమాచారం లాంటి వాటికి సమాంతరంగా జనమే తమ ఏర్పాట్లు కట్టుకోవాలని వాదించాడు. ఈ రెంటినీ కలిపి చూస్తే పేరు, లెక్క బయటపెట్టడం ఎంత బలమో తెలుస్తుంది. అయితే అందరికీ ఆ ధైర్యం ఉండాలని అడగలేం. 7ఎ కింద పెళ్లి అంటే అందరికీ చాటి చెప్పాల్సిందే, లాయర్ గదిలో చేసుకుంటే కుదరదని 2014లో మద్రాసు హైకోర్టు అంటే, 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తప్పుపట్టింది. ఇంట్లోవాళ్లు చంపేస్తారన్న భయంతో ఉన్న జంటను ఊరంతా చాటమనడం అన్యాయమని నేనూ అనుకుంటాను. దాపరికం బలహీనుడికి రక్షణ. డబ్బు, పెత్తనం చేతిలో ఉన్నవాడికి ఆ వెసులుబాటు ఇవ్వకూడదు.

డబ్బు దగ్గరికి వస్తే, మా పెరంబూరు వైపు తెలుగు ఇళ్లలో చీటీ లేని వీధి ఉండదు. ఇరవై మంది, నెలకు 5,000, లక్ష రూపాయల చీటీ అనుకోండి. నెల మొదటి ఆదివారం చీటీ నడిపే అక్క ఇంటి వరండాలో పాట. జూన్ నెలలో పాట గట్టిగా ఉంటుంది, కాలేజీ ఫీజులు కట్టాలి కదా. ఒకామె 85 వేలకు దిగితే ఇంకొకామె 80కి పాడేస్తుంది. వదులుకున్న 20 వేలలో అక్క కమీషన్ పోగా మిగిలింది అందరికీ పంచితే ఆ నెల కట్టాల్సింది తగ్గుతుంది. పాడినవాళ్ల పేర్ల కింద నోటు పుస్తకంలో ఎర్ర గీత, పక్కన జామీను సంతకం. ఆ పుస్తకం బల్ల మీదే ఉంటుంది, ఎవరైనా తీసి చూసుకోవచ్చు. ఇళ్లలో పాచిపని చేసుకునే మనిషికి తాకట్టు లేకుండా, ఫారాలు నింపకుండా, మరుసటి రోజు 80 వేలు చేతికిచ్చే బ్యాంకు ఎక్కడుంది చెప్పండి?

అదే చీటీ మనుషుల్ని నిలువునా ముంచుతుంది కూడా. పుస్తకం బల్ల మీద నుంచి బీరువాలోకి వెళ్లిన నెల నుంచే పతనం మొదలవుతుందని నా గమనిక. ఒక్క మనిషి మంచితనం మీద నడిచే ఏర్పాటు ఆ మనిషికి జబ్బు చేసినా, అప్పులైనా కూలిపోతుంది. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయని చీటీ నేరం. కాబట్టి మోసపోయినవాళ్లు పోలీస్ స్టేషన్‌కి వెళ్లడానికీ జంకుతారు. దీనికి విరుగుడు ఉంది, అదీ ఈ ఊళ్లోనే పుట్టింది. 1978లో జయా అరుణాచలం గారు చెన్నైలో చిల్లర వ్యాపారాలు చేసుకునే ఆడవాళ్లతో వర్కింగ్ విమెన్స్ ఫోరం పెట్టారు. మొదట్లో బ్యాంకుల ద్వారా చిన్న అప్పులు ఇప్పించి, 1981లో సొంత సహకార సంఘాన్నే కట్టుకున్నారు. ఒకరికొకరు జామీను ఉండటం చీటీలో ఉన్నదే. సభ్యుల ఓటు, రిజిస్టరైన పుస్తకాలు దానికి తోడయ్యాయి.

పెరంబూరు పేరెత్తాను కాబట్టి 1918 సంగతి దాటవేయలేను. ఇక్కడి బకింగ్‌హామ్, కర్నాటిక్ బట్టల మిల్లుల కార్మికులు సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు గార్లు నడిపే భజన సభకు వచ్చేవారు. శ్రీ వెంకటేశ గుణామృత వర్షిణి సభ దాని పేరు. పురాణ కాలక్షేపానికి వచ్చిన మనుషులు తమ కష్టాలు చెప్పుకునేవారు, మధ్యాహ్నం అన్నం తినడానికి కూడా తగినంత విరామం ఇవ్వరని వాపోయేవారు. ఆ ఇద్దరూ అనీబిసెంట్ సహచరుడు బి.పి.వాడియా గారిని తీసుకొచ్చారు. 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడింది, భారతదేశంలో పద్ధతి ప్రకారం ఏర్పడ్డ తొలి కార్మిక సంఘంగా దాన్ని చెబుతారు. మిల్లు యాజమాన్యం కోర్టుకెళ్లి వాడియా మీద ఇంజంక్షన్ తెచ్చింది. అప్పటికి యూనియన్లకు చట్ట రక్షణే లేదు. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టానికి ఆ కేసు కూడా ఒక కారణం.

కానీ యూనియన్ వెన్ను విరిగింది కోర్టులో కాదు, కార్మికులు ఉండే పుళియంతోపు పేటలో. 1921 సమ్మెలో దళితులైన ఆది ద్రావిడ కార్మికుల్లో ఎక్కువమంది పనిలోకి వెళ్లారు. వాళ్లను ద్రోహులన్నారు, గుడిసెలు తగలబడ్డాయి, ప్రాణాలు పోయాయి. కూడబెట్టుకున్నదేదీ లేని మనిషికి నెలల తరబడి సమ్మె అంటే పస్తులే. పై కులాల పక్కింటివాళ్లు తనను మనిషిగా చూడని చోట వాళ్ల సంఘాన్ని తనదిగా ఎందుకు అనుకోవాలి? అంబేద్కర్ తర్వాతి కాలంలో బొంబాయి మిల్లుల గురించి అడిగిన ప్రశ్న కూడా ఇలాంటిదే. దళిత కార్మికులకు నేత విభాగంలో చోటివ్వని సమ్మె ఎవరి సమ్మె అని ఆయన నిలదీశారు. చెన్నైలో ఈనాటికీ వీధులు ఊడ్చేవాళ్లలో తెలుగు మాట్లాడే ఆది ఆంధ్ర కుటుంబాలు చాలా ఉన్నాయి. మన తెలుగు సంఘాల ఉగాది సభల్లో వాళ్లు ఏ వరసలో కూర్చుంటున్నారో ఒక్కసారి చూడండి.

నగరానికి ఉత్తరాన పులికాట్ సరస్సు మీద ఇదే చిక్కు ఇంకో రూపంలో కనిపిస్తుంది. అక్కడ జాలరి ఊళ్లు వేటకు వెళ్లే చోట్లను పాడు పద్ధతిలో చీట్లు తీసి వంతులవారీగా పంచుకుంటాయి. ప్రభుత్వ శాఖ జోక్యం లేకుండా తరతరాలుగా తగాదాలు తీర్చుకున్న పద్ధతి, చేపను బతికించిన పద్ధతి. దాన్ని నేను నిజంగా గౌరవిస్తాను. కానీ ఆ వంతు ఒక కులపు మగవాళ్లకే. యానాదులు, ఇరుళర్లు లాంటి గిరిజనులు, ఆడవాళ్లు ఆ చీట్లలో లేరు. లోపలివాళ్లకు అది స్వరాజ్యం, బయటివాళ్లకు మరో సర్కారు.

ఇక నేల కొనుక్కునేవాళ్లకు దగ్గరి పాఠం ఆరోవిల్, పుదుచ్చేరి పక్కన పలు దేశాలవాళ్లు కలిసి బతకాలని కట్టుకున్న ఊరు. 1968 ఫిబ్రవరి 28న నూట ఇరవైకి పైగా దేశాల మట్టి తెచ్చి కలశంలో పోసి మొదలుపెట్టారు. ఎర్రమట్టి బీడును అడవి చేశారు, ఆ శ్రమను ఎవరూ కాదనలేరు. కానీ ఆస్తి పట్టు శ్రీ అరబిందో సొసైటీ చేతిలో ఉండేది. 1973లో ఆరోవిల్ స్థాపకురాలు శ్రీమాత పోయాక ఆ సొసైటీకీ నివాసులకూ గొడవ ముదిరింది. నివాసులు ఢిల్లీ వైపు చూశారు. 1980లో కేంద్రం తాత్కాలికంగా చేతిలోకి తీసుకుంది, 1988 చట్టంతో ఆస్తులన్నీ ఫౌండేషన్‌కి దఖలు పడ్డాయి. పాలక మండలిని నియమించేది కేంద్రం. నివాసుల సభ ఉంది, కానీ ఆఖరి మాట ఎవరిదన్నది 2021 డిసెంబర్‌లో రోడ్డు కోసం బుల్డోజర్లు చెట్ల మీదికి వచ్చినప్పుడు బయటపడింది. గ్రీన్ ట్రిబ్యునల్ 2022లో ఇచ్చిన ఆంక్షల ఆదేశాన్ని 2025 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆత్మగౌరవ పెళ్లిళ్లు చట్టాన్ని తమ దగ్గరికి రప్పించుకున్నాయి. ఆరోవిల్ మాత్రం ఇంట్లో గొడవ తీర్చమని పెద్దాయన్ని పిలిచి ఇంటి తాళాలు ఆయనకే ఇచ్చుకుంది. తిండివనం వెళ్లేవాళ్లు సేంద్రియ ఎరువుల గురించి మాట్లాడుకునే ముందు పట్టా ఎవరి పేర ఉంటుంది, విడిపోయి వెళ్లేవాళ్లకు ఎంత తిరిగిస్తారు, కొత్తగా చేరేవాళ్లను ఎవరు ఒప్పుకుంటారు అన్నవి రాసుకోవాలి. వంట, ఊడ్పు వంతుల్లో మగవాళ్ల పేర్లు ఉన్నాయా అన్నది కూడా.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 7ఎ లాంటి సెక్షన్ లేదు. ఇంట్లో ఒప్పుకోని జంటలు ఆర్యసమాజ్ మందిరానికి పరుగెత్తాలి, లేదా ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు ఆఫీసు గోడకు ఎక్కడం చూస్తూ భయపడాలి. ఆ నెల రోజులు చాలు, ఊరి నుంచి కార్లు బయలుదేరడానికి. వివాహం ఉమ్మడి జాబితాలోని అంశం, రాష్ట్రాలు సవరణ తేవచ్చు, రాష్ట్రపతి ఆమోదం పొందాలి. తమిళనాడు 1967లో చేసిన పనిని అమరావతి, హైదరాబాద్ ఇప్పుడైనా చేయాలి. 7ఎ హిందువుల మధ్య పెళ్లిళ్లకే పరిమితం కాబట్టి మతాంతర జంటల కోసం ఆ నోటీసు నిబంధనను ఎత్తేయమని కూడా అడగాలి.

అసెంబ్లీలు కదిలేదాకా ఆగాల్సిన పని లేదు. చెన్నైలో ఉన్న తెలుగువాళ్లం చేయగలిగింది చాలా ఉంది. సాక్షులుగా వచ్చి నిలబడే మనుషులు కావాలి. మొదటి నెల అద్దె అడగని గది కావాలి. అబ్బాయి ఉద్యోగం ఊడినా ఇల్లు గడిచేలా అమ్మాయికి పని చూపించేవాళ్లు కావాలి. ఎవరు ఎంత ఇచ్చారో, ఎంత ఖర్చయిందో నెలనెలా అందరి ముందు చదివే లెక్క కావాలి. ఇల్లు వదిలే ముందు అమ్మాయి సర్టిఫికెట్లు, ఆధార్, బ్యాంకు పుస్తకం ఆమె సంచిలోనే ఉన్నాయో లేదో అడిగే అక్క ఒకరు ఫోన్లో అందుబాటులో ఉండాలి.