చందవరంలో బస్సు దిగాక

బడిపిల్లల విహారయాత్రలో మ్యూజియం వంతు మహా అయితే అరగంట. వరుసలో లోపలికి, వరుసలో బయటికి. ఇంటికొచ్చాక గుర్తుండేది "ముట్టుకోవద్దు" అన్న కేక ఒక్కటే. ప్రకాశం జిల్లా దొనకొండ మండలం చందవరంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న బౌద్ధ స్తూపం దగ్గరా ఇదే తంతయితే బస్సు కిరాయి దండగే.

అరవై మంది వస్తే ఆరు జట్లు చేయాలి. జట్టుకు ఒకే శిల్పం. మొదటి ఐదు నిమిషాలు పెద్దలెవరూ నోరు విప్పకూడదు. ఎంతమంది మనుషులున్నారు, చేతులు ఎటున్నాయి, ఎక్కడ విరిగింది... పిల్లలే చూసి చెప్పాలి. గైడు ముందే కాలం, వంశం పేరు చెప్పేశాడంటే కళ్లు రాయిని వదిలి నోటుబుక్కులోకి పోతాయి. తర్వాత బొమ్మ గీయించాలి. చక్కగా రాకపోయినా పర్లేదు, గీసేవాళ్లకే బట్ట మడత, నగ, విరుపు కనబడతాయి.

మరి చూపులేని పిల్లలు? అసలు శిల్పాన్ని తడమనిస్తే చెమట, జిడ్డు సున్నపురాయిలోకి ఇంకి మరకలు పడతాయి. అందుకే నమూనాలు కావాలి. ఢిల్లీ జాతీయ మ్యూజియం 2015లో 'అనుభవ్' పేరుతో తాకి చూసే గ్యాలరీ తెరిచింది. మన దగ్గర అంత హంగు అక్కర్లేదు, బల్ల మీద కుమ్మరి చేసిన మట్టి ఫలకాలు నాలుగున్నా చాలు. మరీ చిన్నవి చేస్తే మాత్రం ముక్కూ చెవీ వేలికి తేడా తెలియవు. ముఖమైనా అరచేయంత ఉండాలి. ఆ బల్ల దగ్గర మిగతా పిల్లలూ కళ్లు మూసుకుని తడిమితే, వాళ్లకు దారి చూపేది చూపులేని పిల్లవాడే.

చక్రాల కుర్చీకి లెక్క సూటిగా ఉంటుంది: అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు. అడుగున్నర అరుగుకు 18 అడుగులు. స్థలం లేదని ఎనిమిదడుగుల్లో సరిపెడితే అది ఫొటోకే పనికొస్తుంది.

చందవరం నుంచి దొంగలెత్తుకుపోయిన ఒక ఫలకం ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో తేలి, 2016లో భారత్‌కు తిరిగొచ్చింది. అది ఇక్కడిదేనని తేల్చింది పాత ఫొటో. కాబట్టి పిల్లల బొమ్మల్ని చెత్తబుట్టలో వేయొద్దు. తేదీ వేసి, పక్కన ఫొటో అంటించి, ఒక ప్రతి బడిలో, ఒకటి మ్యూజియంలో ఉంచాలి. ఫొటోలో శిల్పానికి ఆనించకుండా ఒక స్కేలు పెట్టాలి. ఫ్లాష్ వద్దు, చెక్కడంలో నీడలు పోయి రాయి చదునుగా కనిపిస్తుంది. టార్చి పక్కవాటుగా పట్టుకుంటే అరిగిన గీత కూడా తేలుతుంది.