కప్పు చల్లబడితేనే బిల్లు తగ్గేది

ఎండాకాలం వచ్చిందంటే హైదరాబాద్‌లో పై అంతస్తులో అద్దెకుండేవాళ్లకు నిద్ర కరవు. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదింటికీ సెగలు కక్కుతూనే ఉంటుంది. గోడ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగులుతుంది. ఫ్యాను అయిదులో పెట్టినా పైనుంచి దిగేది వేడిగాలే. సిమెంటు రేకుల గదుల్లో ఉండేవాళ్ల అవస్థ చెప్పనలవి కాదు. అప్పోసప్పో చేసి కూలరు కొంటారు, వెసులుబాటుంటే ఏసీ పెట్టించుకుంటారు, ఆనక కరెంటు బిల్లు చూసి బెంబేలెత్తుతారు.

దీనికి విరుగుడు ప్రభుత్వానికి తెలియక కాదు. 2017లో హైదరాబాద్‌లోని ఒక బస్తీలో 25 పేద ఇళ్ల కప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లని పొర పరిచి చూశారు. ఇంట్లో వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. ఏసీ లేని గదిలో, పసిపిల్లలో ముసలివాళ్లో ఉన్న చోట, అది చిన్న ఊరట కాదు. ఆ తర్వాత 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం వచ్చింది. ఇలాంటి విధానం తెచ్చిన తొలి రాష్ట్రం తెలంగాణే. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను, అందులో 200 హైదరాబాద్‌లోనే, చల్లబరచాలన్నది లక్ష్యం. మెచ్చుకోవలసిందే. కానీ ఇళ్ల విషయంలో తప్పనిసరి అన్నది 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకే. 60 గజాల ఇంటివాళ్లు ఇష్టమైతే వేయించుకోవచ్చు. ఎండ దెబ్బ ఎక్కువ తగిలేది ఎవరికో వాళ్లనే వాళ్ల మానాన వదిలేశారు.

ఫ్యాను సంగతీ అంతే. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగితే తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు చాలు. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్లు మిగులు, రెండు ఫ్యాన్లకు 40. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద అర్హులైన ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. దాటితే మాత్రం మొత్తం కట్టాలి. 215 యూనిట్లు కాల్చిన ఇంటికి వెయ్యి రూపాయలు దాటిన బిల్లు వస్తుంది. రెండు ఫ్యాన్లు మారిస్తే ఆ ఇల్లు గీత దాటదు. మరి ఎందుకు మార్చరు? మామూలు ఫ్యాను కంటే వెయ్యికి పైగా ఎక్కువ పెట్టాలి. ఆ వెయ్యి ఒక్కసారిగా చేతిలో ఉండదు.

ఈ చిక్కుముడిని ఒకసారి విప్పాం కదా! ఎల్‌ఈడీ బల్బుల పథకంలో చాలాచోట్ల ముందు 10 రూపాయలే తీసుకుని, మిగతాది నెలనెలా బిల్లులో కలిపి వసూలు చేశారు. టోకున కొనడంతో 2014లో 310 రూపాయలున్న బల్బు కొనుగోలు ధర 2016కల్లా 38కి దిగింది. ఫ్యాన్లకూ, కప్పు పూతకూ డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) ఇదే పద్ధతి పెట్టాలి. ఇంటిమీద సోలార్ పెట్టుకునేవారికి పీఎం సూర్యఘర్ కింద 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఇస్తున్నారు. ఇవ్వనివ్వండి. కానీ సోలార్ పెట్టుకోవాలంటే సొంత కప్పు ఉండాలి, చేతిలో డబ్బుండాలి. అవి లేనివాడికి తెల్ల పూతకు ముందు పెట్టాల్సిన ఖర్చయినా ప్రభుత్వం భరించకపోవడం న్యాయం కాదు.

అద్దె ఇళ్లది మరో పేచీ. కప్పు ఓనరుది, బిల్లు కిరాయిదారుది. పూత వేయించినందుకు ఓనరుకు మిగిలేదేమీ లేదు. పూత వేసిన ఇంటికి ఆస్తిపన్నులో కొంత తగ్గిస్తే ఓనర్లే ముందుకొస్తారు.

ఇక ఇందిరమ్మ ఇళ్లు. ఒక్కో ఇంటికి ప్రభుత్వం ఇచ్చేది 5 లక్షలు, మొదటి విడతలో నియోజకవర్గానికి 3,500 ఇళ్లు. కట్టేశాక సరిదిద్దడం కంటే కట్టేటప్పుడే తెల్ల కప్పు, ఎదురెదురు కిటికీలు, పడమటి గోడకు సన్‌షేడ్ పెట్టడం చవక. వీటిని ఇంటి నమూనాలోనే చేర్చి, అయ్యే అదనపు ఖర్చును 5 లక్షలకు పైన ప్రభుత్వమే ఇవ్వాలి. ఇప్పటికే స్లాబు పడిన ఇళ్లకు వచ్చే వేసవిలోగా పూత వేయించాలి.