జర్నల్ క్లబ్‌ను ఎత్తేయొద్దు, మెథడ్స్ చదివించండి

పీజీ మెడికల్ కాలేజీల్లో జర్నల్ క్లబ్, అంటే వైద్య పత్రికల్లో వచ్చిన పరిశోధన పేపర్‌ను కలిసి చదివి చర్చించే సమావేశం, మొక్కుబడి తంతు అయిపోయింది, ఎత్తేసినా నష్టం లేదు అని ఒక వ్యాసకర్త రాశారు. మొదటి సగం ఒప్పుకుంటాను. రాత్రికి రాత్రి స్లైడ్లు, పొద్దున అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ మొదట్లో ఉండే సారాంశం) అప్పజెప్పడం, ప్రొఫెసర్ గారి ‘గుడ్’, ఆపైన సమోసాలు. అన్నీ చూసినవే.

1875లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్‌లో వైద్యుడు విలియం ఆస్లర్ దీన్ని పెట్టింది ఖరీదైన పత్రికలను కలిసి కొనుక్కుని చదవడానికి. ఇప్పుడు పేపర్ ఫోన్లోకే వస్తుంది. దాన్ని నలుగురూ కలిసి ఉతికి ఆరేయడమే మిగిలిన పని.

ఉదాహరణకు, ఐసీయూ రోగుల షుగర్‌ను 80-110 మి.గ్రా./డె.లీ. మధ్య బిగించి ఉంచితే ఐసీయూ మరణాలు 8 శాతం నుంచి 4.6కు తగ్గాయని 2001లో బెల్జియంలోని లూవెన్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. అబ్‌స్ట్రాక్ట్ వరకే చదివితే చప్పట్లు కొట్టాల్సిందే. అధ్యయనం ఎలా చేశారో చెప్పే మెథడ్స్ భాగంలోకి వెళ్తే తెలుస్తుంది: ఒకే ఆసుపత్రి, సర్జికల్ ఐసీయూ, అందులోనూ ఎక్కువమంది గుండె ఆపరేషన్ అయినవాళ్లు, చేరిన రోజే నరం ద్వారా గ్లూకోజ్. మరి మన వార్డుకు ఇది పనికొస్తుందా? 2009లో ఆరు వేల పైచిలుకు రోగులతో జరిగిన నైస్-షుగర్ ట్రయల్‌లో షుగర్‌ను బిగించినవాళ్లలోనే మరణాలు ఎక్కువ: 90 రోజుల్లో 27.5 శాతం. అంతగా బిగించని రెండో వర్గంలో 24.9.

‘మన వార్డుకు పనికొస్తుందా’ లాంటి ప్రశ్న వేసిన జూనియర్‌ని ‘ముందు కేస్ షీట్ రాయి’ అని కూర్చోబెట్టే సీనియర్లు ఉన్నచోట ఏ ఫార్మాట్ పెట్టినా ఒకటే. మా దగ్గర ఒక్కటే మార్చాం: ముందు ఫస్టియర్ వాళ్లు మాట్లాడతారు, ప్రొఫెసర్ గారు అందరికంటే చివర.