అయితేనేం!

మా కాలనీ పార్కులో పొద్దున్నే నడిచే రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒకరున్నారు. ఈమధ్య అమెరికా కాంగ్రెస్ సభ్యుడు చార్లీ విల్సన్ మీద తీసిన సినిమా చూశారు. అప్పట్నుంచి రోజూ ఒకటే పాట. "మనిషి కాస్త అలాంటివాడే. అయితేనేం? అఫ్గానిస్తాన్‌లో సోవియట్ నడుం విరగ్గొట్టాడా లేదా?" చిన్నప్పుడు 'సోవియట్ భూమి' పత్రిక నున్నటి కాగితంతో పుస్తకాలకు అట్టలేసుకున్న మనిషి. ఆ రుణం ఇలా తీర్చుకుంటున్నారు.

అయితేనేం అన్నది గంగాస్నానం కంటే చవకైన మాట. 1980లో విల్సన్‌గారు లాస్‌వెగాస్ హోటల్లో వేడినీళ్ల తొట్టెలో డాన్సర్లతో జలకాలాడారు. అయితేనేం? కొకైన్ సంగతి విచారించారు, కేసుకు సాక్ష్యం చాల్లేదు. అయితేనేం? ఈజిప్టు రక్షణమంత్రి మనసు గెలవడానికి టెక్సస్ నుంచి బెల్లీ డాన్సర్‌ను కైరోకు వెంటబెట్టుకెళ్లారు. దౌత్యం కదండీ, అయితేనేం?

నాకూ ఆ తొట్టెతో పేచీ లేదు. ఒళ్లు ఆయనది, నీళ్లు హోటలువి.

నాకు ముచ్చటేసేది ఆ 'రహస్యం'. ప్రతినిధుల సభలో రక్షణ ఖర్చుల ఉపసంఘంలో కూర్చుని, తలుపులేసుకుని, అఫ్గానిస్తాన్‌లో సోవియట్ సైన్యంతో పోరాడుతున్న ముజాహిదీన్లకు సొమ్ము పెంచుతూ పోయారు. 1987 నాటికి ఏడాదికి 60 కోట్ల డాలర్లు దాటింది. అమెరికా చెయ్యి కనబడకూడదని మొదట్లో ఈజిప్టు, చైనాల దగ్గర సోవియట్ తరహా తుపాకులు కొన్నారు. 1986లో విమానాలను కూల్చే అమెరికా తయారీ స్టింగర్ క్షిపణులు వెళ్లాక ఆ ముసుగూ జారింది. అవన్నీ కొండలెక్కించాలి కాబట్టి ఏకంగా టెన్నెసీ నుంచి కంచర గాడిదలనే తెప్పించారు.

ఆ గాడిదను ఒక్కసారి తలచుకోండి. టెన్నెసీలో పుట్టింది. ఇంగ్లీషులో అదిలిస్తేనే కదలడం అలవాటు. సముద్రాలు దాటించి, పాకిస్తాన్‌లో దించి, వీపున పెట్టెలు బిగించి పష్తోలో పదమంటే అది ఎటు నడవాలి? రష్యావాళ్లకు దొరికితే? పళ్లు చూసి వయసు చెప్పొచ్చు గానీ పౌరసత్వం చెప్పలేరు కదా, అదొక్కటే ధైర్యం. పైగా ప్రపంచంలో రహస్యానికి అస్సలు పనికిరాని గొంతు దానిది.

ఎన్ని గాడిదలు బయల్దేరాయో వాషింగ్టన్‌లో ఎవరో ఒకరు పద్దు రాసే ఉంటారు. డబ్బు, తుపాకులు ఎవరి చేతికి చేరాలన్నది మాత్రం పాకిస్తాన్ గూఢచారి సంస్థ ఐఎస్ఐకి వదిలేశారు. ఐఎస్ఐ అందరికంటే ఎక్కువ వాటా ముజాహిదీన్ నాయకుడు గుల్బుద్దీన్ హెక్మత్యార్‌కు పెట్టింది. 1989 ఫిబ్రవరిలో సోవియట్ సైన్యం వెళ్లిపోయింది. 1992 నుంచి ఈ పెద్దమనిషి సొంత రాజధాని కాబూల్ మీదే రాకెట్లు కురిపించాడు. వేలమంది చచ్చారు. మూర్తీభవించిన మంచితనమని విల్సన్ మెచ్చుకున్న మరో ముజాహిదీన్ కమాండర్ జలాలుద్దీన్ హక్కానీ పేరుతో నడిచే ముఠాను 2012లో అమెరికాయే ఉగ్రవాదుల జాబితాలో పెట్టుకుంది.

తొట్టెను క్షమించే హడావుడిలో పద్దు అడగడం మర్చిపోతున్నారు మాస్టారూ! తాగాడు, తిరిగాడు అని మీరు తలూపి నవ్వుకునేవన్నీ ఆయన సొంత ఖాతా. కాబూల్లో ఇల్లు కూలి, మట్టి కింద పిల్లల్ని వెతుక్కున్న తల్లి ఎవరి ఖాతా? ఆమె ముందు నిలబడి అనండి, అయితేనేం అని. అనగలరా?

మీరు లెక్కల మాస్టారు కాబట్టి ఒక లెక్క. విల్సన్‌కు దీంతో సంబంధం లేదు, యుద్ధం మాత్రం అదే. అమెరికా ప్రభుత్వ సొమ్ముతో నెబ్రాస్కా యూనివర్సిటీవాళ్లు అఫ్గాన్ పిల్లలకు తయారుచేయించిన పాఠ్యపుస్తకంలోది. కలాష్నికోవ్ తూటా సెకనుకు 800 మీటర్లు పోతుంది. రష్యన్ సైనికుడు 3,200 మీటర్ల దూరంలో ఉన్నాడు. ముజాహిద్ అతని తలకు గురిపెట్టి కాల్చాడు. తూటా ఎన్ని సెకన్లలో తగులుతుంది?

తాలిబన్లు వచ్చాక ఆ పుస్తకాలనే వాడుకున్నారు. బొమ్మల్లో మనుషుల ముఖాలు చెరిపేశారు. తూటాలను అలాగే ఉంచారు.